ఢిల్లీ సన్మానం

సూర్యప్రకాశం గారికి ఢిల్లీలో సన్మానమట అన్న కబురు రాజమండ్రి ఇన్నీసుపేటలో ముందు పాలబ్బాయికి తెలిసింది, తర్వాత ఇస్త్రీ బండి అతనికి, సాయంత్రానికల్లా వీధి వీధంతటికీ. చెప్పింది ఆయన భార్య సీతారామలక్ష్మే. ముప్పయ్యేళ్ల కాపురంలో తన మొగుడి గురించి గుమ్మం దిగి చెప్పుకోదగ్గ మాట ఆవిడకి దొరకడం అదే మొదలు.

ఆయన హార్మోనియం వాయిస్తారు. పెద్ద పెద్ద కచేరీల్లో కాదు, పౌరాణిక నాటకాల్లో. కోరుకొండ తీర్థమనీ, పెద్దాపురం మరిడమ్మ జాతరనీ, పట్టిసీమ శివరాత్రనీ, గోదావరికి ఈవలా ఆవలా ఆయన పెట్టె మొయ్యని ఊరు లేదు. స్టేజీకి ఓ పక్కగా, తెర తాళ్ల దగ్గర కూచునేవారు. రాజు వేషగాడు పద్యం ఎత్తుకుని రాగం తీస్తూ తీస్తూ ఊపిరి చాలక ఆగిపోతే, ఆగినట్టు జనానికి తెలియనివ్వకుండా ఆయన వేళ్లు అందుకుని ఒడ్డుకి చేర్చేవి. జనం వన్స్‌మోర్ అని కేకలేసేవారు. అది రాజుకి. కరపత్రంలో ఆయన పేరు అడుగున ఉండేది. ప్రెస్సువాడికి చోటు చాలకపోతే అదీ ఉండేది కాదు. ఆయన పట్టించుకున్నట్టు ఎప్పుడూ కనపడలేదు. పట్టించుకున్నదంతా సీతారామలక్ష్మే. జనంలో చాప మీద కూచుని, ఇప్పుడైనా ఎవరైనా అటు చూస్తారా అని ఎదురుచూసేది.

ఇప్పుడు నాటకాలు తగ్గిపోయాయి. జాతరల్లో ఆర్కెస్ట్రాలు పెడుతున్నారు. ఆయన ఇంటి ముందుగదిలో నలుగురు పిల్లలకి కీబోర్డు నేర్పిస్తున్నారు. అందులో ఓ పిల్ల తండ్రి సుకుమార్. మెయిన్ రోడ్డులో జిరాక్సు షాపు. మాస్టారంటే భక్తి. అతనే పాత ఫొటోలూ కరపత్రాలూ పట్టుకెళ్లి, ఢిల్లీలో ఏదో సంస్థవాళ్లు జాతీయ పురస్కారాలిస్తున్నారని ఆన్‌లైన్‌లో పంపించాడు. నెల తిరక్కుండా ఫోన్‌కి జవాబొచ్చింది. ‘నాద శిరోమణి’ బిరుదుకి ఎంపికయ్యారు, కేంద్ర మంత్రిగారి చేతుల మీదుగా ఇస్తారు, రానుపోను ఖర్చులూ బసా ఎవరివి వాళ్లే చూసుకోవాలి.

అంత దూరం ఎందుకు, ఆ కాగితమేదో పోస్టులో పంపమనకూడదా అన్నారు సూర్యప్రకాశం గారు. ఆవిడ ఒప్పుకోలేదు. ఫ్రిజ్ కొందామని కట్టుకుంటున్న చీటీ పాడేసి ఆ డబ్బు తెచ్చింది.

“మిమ్మల్ని పేరెట్టి పిలిచి స్టేజీ మీదకి రమ్మంటారండి. అది నేను కింద కూచుని చూడాలి. ఇంకేం అడగను మిమ్మల్ని,” అంది.

ఆవిడ ఏమీ అడగని మనిషని ఆయనకి తెలుసు. సరే అన్నారు. సుకుమార్ రానుపోను స్లీపర్ టిక్కెట్లు తీశాడు. వీధి మొగలో ఇండియా గేటు బొమ్మ ముందు వీళ్లిద్దరూ నిలబడినట్టు ఫ్లెక్సీ కట్టించాడు. తిరిగొచ్చేనాడు స్టేషన్ నించి మేళంతో తీసుకొస్తామని మాటిచ్చాడు.

రైలు ఆలస్యంగా చేరింది. మాఘమాసం చలి అంటే గోదావరి గట్టు మీద ఎలా ఉంటుందో వాళ్లకి తెలుసు కానీ, ఢిల్లీ చలి వేరు. ఎముకల్లోకి దిగిపోయింది. స్టేషన్ వెనక సందులో ఓ లాడ్జి దొరికింది. కిటికీ లేని గది. ఆ అద్దెకి రాజమండ్రిలో ఏసీ గది ఇస్తారు. దుప్పటికి వేరే, వేణ్ణీళ్లకి వేరే. గుక్కెడు టీకి చెప్పిన ధర విని సీతారామలక్ష్మి గ్లాసు వెనక్కిచ్చెయ్యబోయింది. ఆయన నవ్వి, సగం సగం తాగుదాం ఇటు తే అన్నారు. ఆ ఊళ్లో గాలి ఒక్కటే ఊరికే వస్తోందనుకుంది. అదీ గట్టిగా పీలిస్తే దగ్గొచ్చింది.

ఇంటి నించి తెచ్చిన దబ్బకాయ పులిహోర తిని, సంస్థవాళ్లు చెప్పిన హోటలు వెతుక్కుంటూ వెళ్లారు. రెండో అంతస్తు గదిలో బల్ల వేసుకుని ఓ కుర్రాడు కూచున్నాడు. పేరు కిరణ్ కుమార్. మనవాడే, తణుకు వైపు. తెలుగు రాష్ట్రాల నించి వచ్చేవాళ్ల వ్యవహారం అంతా అతనే చూస్తున్నాడు. లేచి నిలబడి దణ్ణం పెట్టి, కుర్చీలు వేయించి, మాస్టారూ, రేపు మీరు ఆరో బ్యాచీ అన్నాడు. తర్వాత కాగితాల్లోకి చూస్తూ, పార్టిసిపేషన్ కింద ఇరవై ఐదు వేలండి అన్నాడు.

సూర్యప్రకాశం గారు మొహమాటపడిపోయారు.

“అంతెందుకు బాబూ? శాలువా కప్పుతున్నారు, అది చాలదూ?”

కిరణ్ కుమార్ తలెత్తి చూశాడు. ఇచ్చేది కాదు మాస్టారూ, మీరు కట్టేది అని నెమ్మదిగా చెప్పాడు. హాలు అద్దె, శాలువా, మెమెంటో, ముఖ్య అతిథితో ఫొటో, ఇవన్నీ ఎలా వస్తాయండి అన్నాడు. ఫోన్లో పంపిన కాగితం అడుగున రాసే ఉందట, ఇంగ్లీషులో.

సీతారామలక్ష్మి మొగుడి మొహం చూడలేకపోయింది. ఆయన బల్ల మీద పేర్చిన శాలువాల కట్టవైపు ఓసారి చూశారు. తర్వాత లేచారు.

“మేళం చేసి డబ్బులు పుచ్చుకోవడం తెలుసు బాబూ. ఎగ్గొట్టించుకోవడం కూడా తెలుసు. డబ్బులిచ్చి దండ వేయించుకోవడం మాత్రం తెలీదు,” అని, కోపం ఏమీ లేకుండానే దణ్ణం పెట్టి బయటికి నడిచారు.

మెట్ల దగ్గర ఆవిడ ఆగిపోయింది. ఆయన చెయ్యి పట్టుకుని దింపారు. ఆయన మటుకు ఏదో బరువు దించుకున్నవాడిలా నడుస్తున్నారు. ఆకలేస్తోందా అని అడిగారు. అక్కడికి దగ్గర్లో గురుద్వారా ఉందనీ, వచ్చినవాళ్లందరికీ భోజనం పెడతారనీ పొద్దున్న లాడ్జి గుమాస్తా చెప్పాడు. అక్కడికి వెళ్లారు. తలకి గుడ్డ కట్టుకుని, వందలమందితో బంతిలో కూచున్నారు. ఎవరి చేతి వంటో, ఎవరి పక్కన కూచున్నామో అని సీతారామలక్ష్మి మొదట ముడుచుకుపోయింది. వేడి రొట్టె రెండు చేతుల్లో పడేసరికి ఆ ఆలోచన పోయింది. పప్పు కమ్మగా ఉంది. ఆయన మూడోసారి వేయించుకున్నారు.

భోజనమయ్యాక లోపల హాల్లోకి వెళ్లారు. తలపాగాలు చుట్టుకున్న ముగ్గురు కింద కూచుని పాడుతున్నారు. ఇద్దరి ముందు హార్మోనియంలు. సూర్యప్రకాశం గారు గుమ్మంలోనే ఆగిపోయారు. తర్వాత మెల్లిగా జనం మధ్య నించి వెళ్లి, వాళ్లకి ఎంత దగ్గరగా కూచోవచ్చో అంత దగ్గరగా కూచున్నారు.

మోహన రాగంలా ఉందే అన్నారు భార్య చెవిలో. కాసేపయ్యాక, కాదు, దీని నడక వేరు అన్నారు. కుడిచేతి వేళ్లు మోకాలి మీద నడవడం మొదలెట్టాయి. వాళ్లు ఎక్కడికి వెళ్తే అక్కడికి. పాడుతున్న పెద్దాయన ఓసారి ఇటు చూసి, ఆ వేళ్లని చూసి, పాట ఆపకుండానే తల పంకించాడు. సూర్యప్రకాశం గారు రెండు చేతులూ జోడించారు. మళ్లీ వేళ్లు మోకాలి మీదకి వచ్చేశాయి. పొద్దుగుంకే వరకూ కదల్లేదు. సీతారామలక్ష్మి మాత్రం పాట వినలేదు. ఇంటికెళ్లి ఏం చెప్పాలి అన్నదొక్కటే ఆవిడ తలలో తిరుగుతోంది.

బయటికొచ్చాక ఆయన అన్నారు, “వచ్చిన పని అయిపోయిందే. రేపు కాస్త ఊరు చూసి ఎల్లుండి రైలెక్కేద్దాం.”

“వీధిలో ఏం చెప్తారండి?”

“జరిగింది చెప్తాను. వాళ్లు అడిగారు, నేనివ్వలేదు. అందులో సిగ్గుపడేదేముంది?”

ఆయనకి లేదు. నిజమే. పాలబ్బాయికి చెప్పింది ఆయన కాదు, ఇస్త్రీ బండి దగ్గర నిలబడి చెప్పింది ఆయన కాదు. అంత దూరం వెళ్లి దండ లేకుండా వచ్చారట అని రేపు కుళాయి దగ్గర అనుకునే ఆడవాళ్లకి ఎదురుపడవలసింది ఆయన కాదు. అసలే ఏమీ లేని మనిషిని లేనిపోనిది ఉందని చెప్పి అందరిలో నవ్వులపాలు చేశానే అని ఆవిడకి దుఃఖం వచ్చింది. సుకుమార్ మంచివాడు, పైకి ఏమీ అనడు. ఆ అనకపోవడాన్నే ఎలా భరించడం?

పొద్దున్నే ఆయన స్నానానికి వెళ్లారు. అంతస్తు మొత్తానికి ఒకటే స్నానాలగది, బయట వరస ఉంది. సీతారామలక్ష్మి సంచిలోంచి చిన్న పర్సు తీసి జాకెట్లో పెట్టుకుని, వరసలో ఉన్న ఆయనకి గుడికెళ్లి వస్తానని చెప్పి, నిన్నటి హోటలుకి ఒక్కతే వెళ్లింది. భాష రాదు. నిన్న అక్కడిచ్చిన హోటలు కార్డు నలుగురికి చూపించి దారి అడిగింది.

కిరణ్ కుమార్ గదిలో ఇంకో మనిషున్నాడు. కాషాయం లాల్చీ, మెళ్లో రుద్రాక్షలు. ఆవిడ అతన్ని పట్టించుకోలేదు. పర్సు బల్ల మీద బోర్లించింది. లాడ్జి అద్దె, రెండ్రోజుల తిండి, దారి ఖర్చు, అంతా అందులోనే ఉంది. కూరల బజారులో కూడా ఎన్నడూ అంత బేరం ఆడలేదావిడ. లాడ్జివాడికి కట్టవలసింది మాత్రం వెనక్కి తీసుకుని, మిగిలినదంతా అతని వైపు నెట్టింది.

“ఇంతకంటే లేదు నాయనా. ఆయనకి తెలియకూడదు. మీరే పిలిచినట్టు పిలవాలి,” అంది.

అతను డబ్బు వంకా ఆవిడ వంకా చూశాడు. మెమెంటో రాదమ్మా, ఫొటో కూడా ఉండదు, శాలువా, సర్టిఫికెట్ వరకూ చూస్తాను అన్నాడు. ఫోన్ నేను చేస్తాను, మీరు నిశ్చింతగా వెళ్లండి అన్నాడు. ఈసారి ఆవిడ మెట్లు ఒక్కతే గబగబా దిగింది. పని అయిందన్న తృప్తి కూడా కలిగింది. లాడ్జి సందు మలుపు తిరిగాకే, పర్సు ఏమైందంటే ఏం చెప్పాలో అనుకోలేదని గుర్తొచ్చింది.

గుడి దగ్గర తోపులాటలో ఎవరో కొట్టేశారని చెప్పింది. లాడ్జి డబ్బు విడిగా కొంగున కట్టుకున్నాను కాబట్టి అది మిగిలిందని చెప్పింది. చెబుతుంటే ఏడుపొచ్చింది, అది అబద్ధపు ఏడుపేమీ కాదు. ఆయన కంగారుగా ఆవిడ చేతులు పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశారు.

“నీకేం కాలేదు కదా? పోతే పోయిందిలే. టిక్కెట్లున్నాయి, జంతికలున్నాయి. మహారాజుల్లా వెళ్తాం,” అన్నారు. తన చొక్కా జేబులో ఉన్న చిల్లరతో కిందికెళ్లి టీ తెచ్చి, మొత్తం గ్లాసు ఆవిడ చేతే తాగించారు.

అప్పుడు ఫోన్ మోగింది. ఆయన నిలబడి మాట్లాడారు. పెట్టేశాక ఆవిడ వైపు తిరిగి చెప్పారు. తన సేవ గురించి కమిటీవాళ్లు మళ్లీ చర్చించుకున్నారట, పైసా కట్టక్కర్లేదట, సాయంత్రం తప్పకుండా రమ్మన్నారట.

“మనం నిన్న వాళ్లని తప్పుగా అనుకున్నామే,” అన్నారు. “మంచివాళ్లే.”

పట్టుపంచె కట్టుకున్నారు. కండువా మడత నలిగిందని మూడుసార్లు విప్పి వేసుకున్నారు. హాలు పెద్దదే కానీ సగం కుర్చీలు ఖాళీ. ఉన్నవాళ్లంతా సన్మానానికొచ్చినవాళ్లూ, వాళ్ల తాలూకు మనుషులూ. మంత్రిగారికి వీలు కాలేదట, ఆయన బదులు ఎవరో వచ్చారు. పదిమందిని ఒకేసారి పైకి పిలిచి, గబగబా శాలువాలు కప్పి, కాగితాలు చేతికిచ్చి, అటువైపు మెట్ల మీంచి దింపేస్తున్నారు. కూరగాయల వ్యాపారులున్నారు, జ్యోతిష్కులున్నారు, పదేళ్ల పిల్ల కూడా ఉంది. ఆరో బ్యాచీలో ఆయన పేరు ఎలాగోలా పలికారు. సూర్యప్రకాశం గారు పైకెక్కారు. ముందుగా వంగి స్టేజీని వేళ్లతో తాకి కళ్లకద్దుకున్నారు. వెనకున్నవాడు జరగండి జరగండి అంటున్నా, శాలువా కప్పినాయనకి నిండుగా నమస్కారం పెట్టారు. సీతారామలక్ష్మి కోరుకున్నది కోరుకున్నట్టే కింద కూచుని కళ్లారా చూసింది. చప్పట్లు మాత్రం కొట్టలేదు.

దిగొచ్చి పక్కన కూచున్నారు. కళ్లు తడిగా ఉన్నాయి.

“పేరెట్టి పిలిచారే,” అన్నారు.

మర్నాడు రైలెక్కారు. జంతికలు మొదటి మధ్యాహ్నానికే అయిపోయాయి. ఆయన శాలువా తీయలేదు. చలికనుకున్నారో ఏమో చాలామంది అడగలేదు కానీ, అడిగిన ఒకరిద్దరికి మాత్రం చెప్పారు, అది కూడా తగ్గించే చెప్పారు. సాయంత్రం పక్క పెట్టెలోంచి ఓ మనిషి వాళ్లని చూసి సంబరంగా వచ్చి కూచున్నాడు. కాషాయం లాల్చీ, రుద్రాక్షలు. పేరు గంగాధర్, భీమవరంలో యోగా నేర్పిస్తాడట, అతనికీ నిన్న ఏదో బిరుదొచ్చింది. పెద్ద మెమెంటో ఒళ్లో పెట్టుకుని, తన డబ్బాలోని చపాతీలు వాళ్లకి పంచాడు. చెడ్డవాడు కాదు. మాటకారి, అంతే.

“నేను ఇరవై ఐదు వేలని పదిహేనుకి దింపానండి,” అన్నాడు. “మీ ఆవిడగారు నాకంటే ఘనులు. నిన్న పొద్దున్న ఆవిడ ఆడిన బేరం చూసే నాకు ధైర్యమొచ్చింది. పర్సు బోర్లించేసి ఇంతే అన్నారు చూడండి, ఆ కుర్రాడు నోరెత్తలేదు.”

సీతారామలక్ష్మి కిటికీ చువ్వలు పట్టుకుని బయటికి చూస్తోంది. బయట చీకటి పడుతోంది, ఏమీ కనపడటం లేదు. సూర్యప్రకాశం గారు చపాతీ తుంపుకుని తింటూనే ఉన్నారు. చేతిలోది పూర్తిగా తిన్నారు. లేచి వెళ్లి చెయ్యి కడుక్కొచ్చారు. గంగాధర్‌తో భీమవరం కబుర్లు మాట్లాడారు. అతను వెళ్లిపోయాక శాలువా తీసి, మడిచి, సంచిలో అడుక్కి పెట్టారు.

చాలాసేపటికి అన్నారు, “మొన్న గురుద్వారాలో నేనెంత సంతోషంగా ఉన్నానో నువ్వు చూడలేదా?”

“చూశానండి.”

“మరి?”

ఆవిడ నిజంగానే చూసింది. కానీ ఆ సంతోషాన్ని ఇన్నీసుపేట తీసుకెళ్లి ఎవరికి చూపించాలి? పోయిందన్న పర్సు గురించి ఆయన ఒక్క మాట అనలేదు. అని ఉంటే, తిట్టి ఉంటే, కాళ్లు పట్టుకునేది. ఆయన పై బెర్తు ఎక్కి గోడవైపు తిరిగి పడుకున్నారు.

కొవ్వూరు దాటి రైలు వంతెన మీదకొచ్చేసరికి తెల్లవారింది. స్టేషన్లో సుకుమార్, పిల్లలూ, డోలు సన్నాయీ సిద్ధంగా ఉన్నారు. శాలువా ఏది మాస్టారూ అని సుకుమారే సంచి వెతికి తీసి కప్పాడు. సూర్యప్రకాశం గారు ఎక్కడ నిలబడమంటే అక్కడ నిలబడ్డారు. వీధి మొగలో నాలుగు మాటలు చెప్పమంటే చెప్పారు. ఢిల్లీ పెద్దలు బాగా చూసుకున్నారనీ, ఈ గౌరవం మీ అందరిదీ అనీ. అందరూ చప్పట్లు కొట్టారు. ఆయన అబద్ధం చెప్పడం సీతారామలక్ష్మి వినడం అదే మొదటిసారి. తడుముకోకుండా చెప్పారు.

ఆ తర్వాత నిజానికి మంచే జరిగింది. సుకుమార్ ప్రతి కరపత్రం మీదా పేరు ముందు ‘నాద శిరోమణి’ వేయిస్తున్నాడు. కోరుకొండ తీర్థంలో ఆయన్ని తెర తాళ్ల దగ్గర నించి స్టేజీ మధ్యకి పిలిచి దండ వేశారు. వేయించుకుని వచ్చి మళ్లీ తన చోట కూచున్నారు. సీతారామలక్ష్మి జనంలో ఉంది. ఆయన ఆవిడ వైపు చూడలేదు.

ఇంట్లో పిల్లలకి పాఠం చెబుతారు. వాళ్లు వెళ్లిపోయాక పెట్టె మూసేస్తారు. ఇదివరకు తెల్లారగట్ల లేచి ఒక్కరే వాయించుకునేవారు, ఆ అలవాటు పోయింది. భార్యతో పరుషంగా మాట్లాడింది లేదు. కూరలో ఉప్పు తక్కువైతే ఇదివరకు కంచం దగ్గరే గొడవ చేసేవారు. ఇప్పుడు తక్కువైనా ఎక్కువైనా తినేసి లేచిపోతున్నారు. ఓ రోజు కావాలనే ఉప్పు లేకుండా వండింది. తినేశారు.

ఎండాకాలం మొదట్లో ఫణిశ్రీ వచ్చింది. పక్క వీధిలో పిల్లలకి కూచిపూడి నేర్పుతుంది, మొగుడు కొరియర్ ఆఫీసులో పనిచేస్తాడు. సంతోషంతో ఒక చోట నిలబడలేకపోతోంది. ఫోన్ తీసి చూపించింది. ‘నాట్య శిరోమణి’ అట, ఢిల్లీలో అట, రానుపోను మనమే పెట్టుకోవాలట. మావారు చేతిగాజులు తాకట్టు పెడదామంటున్నారు, మీరు వెళ్లొచ్చారు కదా గురువుగారూ, వెళ్లమంటారా అని అడిగింది.

సూర్యప్రకాశం గారు ఫోన్ చేతిలోకి తీసుకుని కిందిదాకా చదివారు. అడుగున ఇంగ్లీషులో ఉన్న వరసల దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగారు. సీతారామలక్ష్మి వంటింటి గుమ్మంలో నిలబడింది. చెప్పేస్తారనుకుంది. చెప్పేస్తే బాగుండుననుకుంది. వీధంతా నవ్వినా సరే.

ఆయన ఫోన్ తిరిగి ఇచ్చేశారు.

“మా ఆవిడని అడగమ్మా. అక్కడి సంగతులు నాకంటే ఆవిడకే బాగా తెలుసు,” అని చెప్పులు వేసుకుని వీధిలోకి వెళ్లిపోయారు.

ఫణిశ్రీ ఇటు తిరిగింది. మొహం వెలిగిపోతోంది. సీతారామలక్ష్మి కొంగుతో చేతులు తుడుచుకుంది. తడి లేకపోయినా మళ్లీ తుడుచుకుంది. ఫణిశ్రీ చేతిగాజుల వంక ఓసారి చూసింది. పిల్లని కుర్చీలో కూచోబెట్టి, మంచినీళ్లిచ్చింది.

“చలిదుప్పట్లు ఇక్కడి నించే పట్టుకెళ్లమ్మా, అక్కడ వాటికి వేరే తీసుకుంటారు,” అంది. “తినడానికి కూడా ఏదైనా చేసుకుని వెళ్లండి. ఆ ఊళ్లో అన్నీ ఖరీదే.”